టైరులో గాలి ఎంతుంది? మీటరు మాట నమ్మొచ్చా?

ఢిల్లీ నుంచి మధుర రోడ్డు పట్టుకుని దక్షిణంగా వస్తే ఫరీదాబాద్‌ను ఆనుకుని బల్లభ్‌గఢ్ వస్తుంది. అక్కడి గుడ్‌ఇయర్ ఫ్యాక్టరీలో 1961 నుంచి టైర్లు తయారవుతున్నాయి. ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్న ఎస్కార్ట్స్‌ది ఫరీదాబాదే. ఇండియన్ ఆయిల్ సంస్థ తన పరిశోధన కేంద్రాన్ని 1972లో ఇక్కడే పెట్టింది. జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే ఉంది. చక్రాల గురించి, యంత్రాల గురించి ఇంత తెలిసిన ఊరు దేశంలో అరుదు.

అలాంటి ఊళ్లో కూడా పెట్రోలు బంకులో గాలి కొట్టించుకునే తీరు మిగతా ఊళ్లలో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. కారు ఆగుతుంది. గాలి గొట్టం పట్టుకున్న కుర్రాడు "కిత్నీ?" (ఎంత?) అని అడుగుతాడు. లోపలి నుంచి "తీస్" (ముప్పై) అనో, "పైంతీస్" (ముప్పై ఐదు) అనో, "అందరికీ ఎంత కొడతావో అంతే కొట్టు" అనో జవాబొస్తుంది. నాలుగు సార్లు బుస్సుమంటుంది, యంత్రం కూత పెడుతుంది, కారు కదిలిపోతుంది. ఆ అంకె ఎక్కడిది, టైరు అప్పుడు ఎంత వేడిగా ఉంది, ఆ మీటరును ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించారా అన్నవి ఎవరికీ పట్టవు. గాలి లెక్క సరిగ్గా రావాలంటే తెలియాల్సినవి ఈ మూడే.

బరువంతా మోసేది గాలే

ఒక చిన్న కారు వెయ్యి కిలోలు ఉందనుకుందాం. ఒక్కో చక్రం మీద సుమారు 250 కిలోలు పడతాయి. టైరులో గాలి 33 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోల ఒత్తిడి ఉంటే, ఆ బరువును మోయడానికి రోడ్డుకు ఆనుకునే భాగం సుమారు 108 చదరపు సెంటీమీటర్లు కావాలి. పెద్దవాళ్ల అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో జారకుండా నిలబడినా పని జరిగేది ఆ నాలుగు అరచేతుల మీదే.

గాలి తగ్గితే రోడ్డుకు ఆనుకునే ఆ భాగం పెద్దదవుతుంది. టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి. ఆ వంగడంలో రబ్బరు వేడెక్కుతుంది, లోపలి పొరల పట్టు సడలుతుంది. వేసవిలో హైవేల మీద టైర్లు పేలడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. రెండు అంచులూ ముందుగా అరిగిపోతాయి. ఇంధనమూ ఎక్కువే తాగుతుంది. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గినకొద్దీ మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క కట్టింది. గాలి మరీ ఎక్కువైతే ఆ భాగం చిన్నదవుతుంది, టైరు నడిమి భాగం అరుగుతుంది, గుంతల దెబ్బ నేరుగా చక్రానికి తగులుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

ఏ అంకె నింపాలి?

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. ఆ కారు బరువు, సస్పెన్షన్, టైరు సైజు చూసుకుని కంపెనీ వేసిన అంకె అది. మామూలు కార్లలో ఎక్కువగా 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. చాలా స్టిక్కర్ల మీద ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి ఉంటాయి. కారు నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు నింపాల్సిన అంకెలు వేరుగా ఇస్తారు. సెలవులకు ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపుకుని బయల్దేరేవాళ్లు చూడాల్సింది ఆ రెండో వరస.

టైరు గోడ మీద అచ్చయిన అంకెతో చాలామంది తికమకపడతారు. కొన్ని టైర్ల మీద 44 అనో 51 అనో కనిపిస్తుంది. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. అదే టైరు నాలుగు రకాల కార్లకు వేయొచ్చు, ఒక్కో కారుకు కావలసిన గాలి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి టైరు మీది అంకెను కాదు, తలుపు దగ్గరి అంకెను నమ్మాలి.

కొలమానాలు కలిసిపోవడం ఇంకో చిక్కు. పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు. స్టిక్కరు మీద కిలోపాస్కల్‌లో 230 అని ఉండొచ్చు, యంత్రం మీద బార్‌లో 2.3 అని ఉండొచ్చు. ఆ రెండూ ఒకటే, 33 పీఎస్‌ఐకి కాస్త పైన. చదరపు సెంటీమీటరుకు కిలోల్లో 2.3 ఉంటే మాత్రం అది 33కు కాస్త కిందికి వస్తుంది. తేడా చిన్నదే అయినా, ఏ కొలమానంలో చూస్తున్నామో తెలియకపోతే పెద్ద పొరపాట్లకు దారి తీస్తుంది.

చల్లటి టైరే అసలు లెక్క

స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు వర్తించేది. చల్లటి టైరంటే ఫ్రిజ్‌లో పెట్టినట్టుండేది కాదు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. పొద్దున్నే బండి తీయకముందు కొలిస్తే చాలు.

కారణం లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మీటరు చూపేది బయటి వాతావరణ ఒత్తిడి కంటే లోపల ఎంత ఎక్కువుందన్నదే. ఫరీదాబాద్ ఎత్తులో బయటి ఒత్తిడి 14.4 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. అంటే మీటరు 33 చూపిస్తే లోపలి అసలు ఒత్తిడి 47.4. వేడి పెరిగితే పెరిగేది ఈ మొత్తం. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 ఉన్న టైరు హైవే మీద పరుగెత్తి లోపల 55 డిగ్రీలకు చేరితే మీటరు దాదాపు 37 చూపిస్తుంది. టైరుకు రోగమేమీ లేదు, ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే కంపెనీ 33 అని చెప్పింది.

అసలు తప్పు ఇక్కడ జరుగుతుంది. 37 చూసి "ఎక్కువైంది" అని బంకులో గాలి తీయిస్తారు, 33కు దించుతారు. మర్నాడు పొద్దున చల్లారాక అదే టైరులో ఉండేది 29. కారులో కూర్చున్నవాళ్లు మాత్రం నిన్ననే గాలి చూపించామన్న ధీమాతో ఉంటారు. వేడిగా ఉన్న టైరులోంచి గాలి ఎప్పుడూ తీయకూడదు.

ఫరీదాబాద్ వాతావరణం ఈ లెక్కను ఇంకా కఠినం చేస్తుంది. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. జనవరి తెల్లవారుజామున ఒంటి అంకె డిగ్రీలకు పడిపోతుంది. 40 డిగ్రీల వేడిలో 33 నింపిన టైరు 7 డిగ్రీల చలిలో, ఎక్కడా లీకు లేకుండానే 28కి దిగుతుంది. దీనికి తోడు టైరు రబ్బరులోంచి నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ దానంతటదే బయటికి పోతుంది. తీరంలో ఉండే విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో వేసవికీ చలికాలానికీ ఇంత తేడా ఉండదు. అక్కడి అలవాటుతో ఏడాదికి రెండు మూడు సార్లు గాలి చూసుకునే తెలుగు కుటుంబం ఫరీదాబాద్‌కు మారితే, దీపావళి దాటాక కనీసం పదిహేను రోజులకోసారైనా చూసుకోవడం మంచిది.

ఎండ పడే తీరు కూడా ముఖ్యమే. కారు ఒక పక్క ఎండలో, మరో పక్క నీడలో నిలబడితే రెండు పక్కల టైర్లకూ రెండు పీఎస్‌ఐల తేడా రావచ్చు. ఎండ వైపు టైరులో గాలి ఎక్కువైందని తీసేస్తే, సాయంత్రానికి ఆ వైపు తక్కువవుతుంది.

బంకు ఇంటికి దూరమైతే? దీనికొక చక్కటి ఉపాయం ఉంది. పొద్దున ఇంటి దగ్గరే, చల్లగా ఉన్నప్పుడు సొంత మీటరుతో కొలిచి రాసుకోవాలి. 33 ఉండాల్సిన చోట 29 ఉంటే లోటు నాలుగు. బంకుకు చేరేసరికి టైరు వేడెక్కి అదే మీటరు 31 చూపించవచ్చు. అప్పుడు నింపాల్సింది 33 కాదు, 31కి నాలుగు కలిపి 35.

మీటరు లోపల ఏముంది?

జేబులో పట్టే పెన్సిల్ మీటరు, గుండ్రటి ముల్లు మీటరు, అంకెలు వెలిగే డిజిటల్ మీటరు. వాడుకలో ఉన్నవి ఈ మూడు రకాలే. పెన్సిల్ మీటరులో గాలి ఒక చిన్న పిస్టనును తోస్తుంది, స్ప్రింగు దాన్ని ఆపుతుంది, గీతలున్న పుల్ల బయటికి వస్తుంది. దుమ్ము చేరినా, స్ప్రింగు అలసినా లెక్క తప్పుతుంది.

ముల్లు మీటరు గుండెకాయ ఒక వంపు తిరిగిన లోహపు గొట్టం. 1849లో పారిస్‌లో యూజీన్ బూర్డాన్ దీనికి పేటెంటు పొందాడు. గొట్టం గుండ్రంగా కాకుండా చప్పిడిగా ఉంటుంది, సగం చుట్టుకు పైగా తిరిగి ఉంటుంది. లోపలికి ఒత్తిడితో గాలి వెళ్లగానే అది నిటారుగా సాగాలని చూస్తుంది. దాని కొస కదిలేది చాలా కొద్ది. చిన్న పళ్ల చక్రాలు ఆ కదలికను పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. అందుకే ఈ మీటరు ఒక్కసారి నేల మీద గట్టిగా పడితే చాలు, పైకి గీత కూడా పడకుండానే లోపలి గొట్టం వంపు మారిపోవచ్చు. బంకులో గొట్టం చివర వేలాడుతూ రోజూ కాంక్రీటు మీద ఎన్నిసార్లు పడుతుందో చూసినవాళ్లకు ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో ఇట్టే తెలుస్తుంది.

డిజిటల్ మీటరులో సిలికాన్ ముక్క మీద ఒత్తిడి పడితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పునే అంకెగా చూపిస్తుంది. తెర మీద 33.5 అని దశాంశంతో కనిపిస్తే కచ్చితంగా ఉందనిపిస్తుంది. దశాంశం కనబడటానికీ నిజంగా అంత సరిగ్గా ఉండటానికీ సంబంధం లేదు. 33.5 చూపించే మీటరు రెండు పీఎస్‌ఐలు తప్పు కూడా కావచ్చు.

మీటరు కొనేటప్పుడు చూడాల్సిన ముఖ్య విషయం దాని పై అంకె. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణంలో బి గ్రేడు ముల్లు మీటరు స్కేలు మధ్య సగంలో మొత్తం స్కేలుకు 2 శాతం, రెండు చివర్లలో 3 శాతం అటూఇటూ కావచ్చు. లారీల కోసం చేసిన 160 పీఎస్‌ఐ మీటరులో 33 అన్నది కింది చివరన పడుతుంది. అక్కడ ఒప్పుకునే తేడాయే 4.8 పీఎస్‌ఐ. అదే 60 పీఎస్‌ఐ మీటరులో 33 మధ్య సగంలో పడుతుంది, తేడా 1.2కు మించదు. కాబట్టి కారుకు 60 వరకు చూపే మీటరే సరైనది. చట్టబద్ధ కొలతలకు ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ కూడా టైరు మీటర్లకు ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఇచ్చింది. 4 బార్ల వరకు తేడా 0.08 బార్ దాటకూడదని అందులో ఉంది. అంటే సుమారు 1.2 పీఎస్‌ఐ. ఇంట్లో వాడే మీటరుకూ ఈ గీత పెట్టుకోవచ్చు.

పట్టుకునే పద్ధతి కూడా అంతే ముఖ్యం. కార్ల టైర్లకుండే వాల్వు ఆగస్ట్ ష్రేడర్ పేరుతో 1893లో పేటెంటు పొందిన రకమే. దాని నోట్లో ఒక సన్నటి పిన్ను ఉంటుంది. మీటరు ఆ పిన్నును నొక్కినప్పుడే లోపలి గాలి మీటరులోకి వస్తుంది. వంకరగా పెడితే పక్కనుంచి బుస్సుమని గాలి పోతూనే ఉంటుంది, అంకె తక్కువ వస్తుంది. ముందు వాల్వు నోటి దగ్గరి మట్టి తుడవాలి. మీటరును నిటారుగా, ఒక్క ఊపున గట్టిగా నొక్కాలి. చప్పుడు ఆగాకే అంకె చూడాలి. ముల్లు మీటరైతే కన్ను ముల్లుకు సూటిగా ఉండాలి. రెండు మూడు సార్లు కొలిస్తే దాదాపు ఒకే అంకె రావాలి. రాకపోతే తప్పు పట్టులో ఉంది, లేదా మీటరులో ఉంది.

బంకులో గాలి ఎక్కుతున్నప్పుడు కనిపించే అంకెనూ నమ్మకూడదు. పరుగెత్తే గాలి గొట్టంలో టైరులో ఉన్నదానికంటే ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. మీట వదిలి, ముల్లు కుదురుకున్నాక చూడాలి. పని అయ్యాక పాతకాలపు పంచర్ షాపు మేస్త్రీలు తడి వేలు వాల్వు మీద ఆనించి బుడగ వస్తుందేమో చూస్తారు. వాల్వు లీకు పట్టుకోవడానికి ఇప్పటికీ అంత మంచి పద్ధతి లేదు. ఆ తర్వాత మూత బిగించాలి. మూత లేకపోతే దుమ్ము వాల్వులోకి చేరుతుంది.

నైట్రోజన్ నింపితే ఈ బాధలేవీ ఉండవని కొందరు చెబుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి నైట్రోజన్ కూడా దాదాపు గాలి వ్యాకోచించినంతే వ్యాకోచిస్తుంది. తేమ తక్కువ ఉండటం, కాస్త నెమ్మదిగా కారిపోవడం దాని లాభాలు. కొలవాల్సిన పని మాత్రం తప్పదు.

పెట్రోలుకు జీరో చూస్తాం, గాలికి?

పెట్రోలు పోసే ముందు "జీరో చూడండి సార్" అనడం ప్రతి బంకులో వినిపించేదే. ఆ యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. అనుమానమొస్తే పరీక్షించి చూపడానికి బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర ఉంచుతారు. వాహనదారు ఎవరైనా అడిగి పోయించి చూసుకోవచ్చు. అదే బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది. చమురు సంస్థలు తమ డీలర్లకు ఇచ్చిన మార్కెటింగ్ క్రమశిక్షణ మార్గదర్శకాల్లో తాగునీరు, మరుగుదొడ్లతో పాటు ఇదీ ఉంది. ఉచితంగా వచ్చేది కనుకనో ఏమో, గాలి మీటరును చివరిసారి ఎప్పుడు పరీక్షించారని అడిగే వాహనదారు మాత్రం అరుదు.

అడగాలి. పెట్రోలు పది మిల్లీలీటర్లు తగ్గితే పోయేది డబ్బు. గాలి ఐదు పీఎస్‌ఐ తగ్గితే ప్రమాదంలో పడేది కారులో ఉన్నవాళ్లు.

నిజానికి సరైన కొలతకు మూలం ఫరీదాబాద్‌కు ఎంతో దూరం కాదు. ఢిల్లీ పూసాలో జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. 1947 జనవరి 4న దానికి శంకుస్థాపన జరిగింది. దేశంలో ఒత్తిడి కొలతకు మూల ప్రమాణం అక్కడే ఉంది. అలాంటి ప్రయోగశాలల్లో వాడే ముఖ్య సాధనం పిస్టన్ గేజ్. అతి నునుపైన సిలిండరులో కచ్చితంగా కొలిచిన పిస్టను ఇమిడి ఉంటుంది. దాని మీద తూచిన బరువులు పేరుస్తారు. కింద నుంచి వచ్చే ఒత్తిడి ఆ బరువును ఎత్తి గాల్లో నిలబెట్టగానే, బరువును పిస్టను వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి వస్తుంది. ఆ ప్రమాణంతో గుర్తింపు పొందిన ప్రయోగశాలల మీటర్లు సరిచూస్తారు. వాటితో ఫ్యాక్టరీల, సర్వీసు కేంద్రాల మీటర్లు సరిచూస్తారు. ఈ గొలుసు బంకు దాకా, ఇంటి దాకా తెగకుండా రావాలి. ప్రతి బంకులోనూ పరీక్షించిన ఒక మంచి మీటరు, దాని తేదీ కాగితంతో సహా, అడిగినవాళ్లకు చూపడానికి ఉంచితే ఖర్చు పెద్దగా కాదు.

ఆ రోజు వచ్చేలోపు ఇంటి మీటరును మనమే సరిచూసుకోవచ్చు. మీటర్లు క్రమంగా పరీక్షించే టైర్ల షాపులోనో కంపెనీ సర్వీసు కేంద్రంలోనో, ఒకే టైరును, ఒకే సమయంలో వాళ్ల మీటరుతోనూ మన మీటరుతోనూ కొలవాలి. మనది ఎప్పుడూ ఒకటిన్నర ఎక్కువ చూపిస్తోందనుకోండి, దాన్ని పారేయనక్కర్లేదు. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి మీటరుకే అంటించుకుంటే చాలు. ప్రతిసారీ ఒకేలా తప్పే మీటరుతో నెగ్గుకు రావచ్చు. పూటకో అంకె చెప్పే మీటరుతోనే ప్రమాదం.

డ్యాష్‌బోర్డు దీపం ఎప్పుడు వెలుగుతుంది?

కొత్త కార్లలో టైరు ఒత్తిడిని కనిపెట్టే వ్యవస్థ, టీపీఎంఎస్ వస్తోంది. దీని వెనక ఒక విషాదం ఉంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ల ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి వందల ప్రాణాలు పోయాయి. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్‌ఐ సరైనదా, ఫైర్‌స్టోన్ కోరిన 30 సరైనదా అన్నది ఆ రెండు కంపెనీల గొడవలో పెద్ద అంశమైంది. అదే ఏడాది అమెరికా చేసిన చట్టం ఫలితంగా కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక దీపం తప్పనిసరైంది.

మన దేశంలో 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. టీపీఎంఎస్, పంచర్ సరిచేసే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని చెప్పింది. అంటే ఇకపై ఆ దీపం మీద ఆధారపడేవాళ్లు పెరుగుతారు. అందుకే దాని హద్దు తెలియాలి. అమెరికా ప్రమాణం ప్రకారం గాలి 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలగాలి. 33 ఉండాల్సిన టైరు 25కి దిగేదాకా అది మౌనంగా ఉండొచ్చు. పైగా కొన్ని కార్లలో టైరు లోపల సెన్సారే ఉండదు. చక్రాల వేగంలో తేడా చూసి గాలి తగ్గిందని అంచనా వేస్తాయి. నాలుగు టైర్లలోనూ ఒకేలా తగ్గితే ఆ పద్ధతి పట్టుకోవడం కష్టం. గాలి నింపాక దాన్ని రీసెట్ చేయాలి కూడా. తక్కువ గాలితో ఉండగా రీసెట్ చేస్తే, ఆ తక్కువే సరైనదని అది అనుకుంటుంది.

ఫరీదాబాద్ వాళ్లకు ఇప్పుడు ఢిల్లీ-ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే దగ్గరైంది. 246 కిలోమీటర్ల ఢిల్లీ-దౌసా-లాల్‌సోట్ భాగం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాక జైపూర్ ప్రయాణం తేలికైంది. కార్లకు గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించే ఆ రోడ్డు మీద, ఎండాకాలం మధ్యాహ్నం, తక్కువ గాలితో, నిండా బరువుతో వెళ్లడమంత ప్రమాదం మరొకటి లేదు. బయల్దేరే రోజు పొద్దున, సామాను ఎక్కించే ముందే నాలుగు టైర్లూ కొలిచి, నిండు బరువుకు చెప్పిన అంకె దాకా నింపాలి. స్టెప్నీని కూడా బయటికి తీసి చూడాలి. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే చాలా కార్లలో దానికి 60 పీఎస్‌ఐ కావాలి, ఆ సంగతి దాని మీదే రాసి ఉంటుంది. అంత గాలిని కొలవాలంటే 60 దగ్గరే ఆగిపోయే మీటరు చాలదు. ఆ ఒక్క టైరుకు మాత్రం 100 దాకా చూపే మీటరున్న షాపులో చూపించుకోవాలి.